మాడు మీద ఎముక తేలితే: ఫ్లాపు, సిర అతుకు, నెత్తురు నడిచే దారి

డాబా మీద ఇనుప చువ్వ లేపుతూనో, పందిరి వేస్తూనో తల ఎత్తినప్పుడు 11 కేవీ తీగ మాడుకు తగిలితే, మొదటి రోజు పైకి కనబడేది అరచేయంత నల్లటి మచ్చ. ప్రాణం దక్కింది, అదే పదివేలు అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. రెండు మూడు వారాలకు ఆ మాడిన తోలు అంచుల దగ్గర విడిపోయి ఊడొస్తుంది. కింద తెల్లగా, పొడిగా పుర్రె ఎముక. అప్పుడు వచ్చే ప్రశ్న ఒకటే: "తొడ చర్మం తీసి అంటిస్తే పోయేదానికి పది గంటల ఆపరేషన్ ఎందుకు డాక్టరుగారూ?"

అడగాల్సిన ప్రశ్నే. జవాబు తెలియాలంటే ఆ చర్మానికి నెత్తురు ఎటు నుంచి వస్తుందో చూడాలి.

నెత్తిచర్మంలో ఐదు పొరలున్నాయి. పైన చర్మం. దాని కింద పీచు కలిసిన గట్టి కొవ్వు పొర. పెద్ద రక్తనాళాలు నడిచేది ఇందులోనే. ఆ పీచు నాళాల గోడల్ని పట్టి ఉంచుతుంది కాబట్టి తెగిన నాళం ముడుచుకోదు, అందుకే తలమీద చిన్న గాయానికే చొక్కా తడిసిపోతుంది. మూడోది గేలియా, సాగడమంటే తెలియని పొర. నాలుగోది వదులు పొర. జుట్టు యంత్రంలో చిక్కుకున్నప్పుడు నెత్తి మొత్తం ఊడి వచ్చేది ఈ పొర దగ్గరే. ఐదోది పెరిక్రేనియం, ఎముకను అంటిపెట్టుకున్న పల్చటి తొడుగు. నెత్తురు విషయంలో తల అదృష్టవంతురాలు. ఒక్కో వైపు ఐదేసి ధమనులు చుట్టూరా నుంచి మాడు వైపు ఎక్కుతాయి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కణత ధమని ఒక్కటే మిగిలినా మొత్తం నెత్తిచర్మం బతికిన సందర్భాలున్నాయి.

ఇక తొడ చర్మం సంగతి. పావు మిల్లీమీటరు నుంచి 0.4 మి.మీ. మందాన చెక్కి తీసిన ఆ చర్మాన్ని గ్రాఫ్ట్ అంటాం. దానికి సొంత నెత్తురు లేదు. మొదటి ఒకటి రెండు రోజులు కింది తడిని పీల్చుకుని గడుపుతుంది, ఆ తర్వాత కింది నాళాలు దానిలోకి పాకుతాయి, ఐదో రోజు కట్టు విప్పితే గులాబీరంగులో ఉండాలి. నారు పీకి నాటినట్టే ఇది: మడిలో తడి ఉంటే నిలదొక్కుకుంటుంది, బండమీద పెడితే ఎండిపోతుంది. పెరిక్రేనియం మిగిలి ఉంటే అది తడి మడి. అది కూడా పోయి ఎముక తేలితే అది బండ.

ఫ్లాపు వేరు. అది తన ధమనినీ సిరనూ వెంటబెట్టుకుని కదిలే కణజాలం. పక్కనున్న చర్మాన్ని మొదలు తెగకుండా తిప్పితే స్థానిక ఫ్లాపు, వేరు కదపకుండా తీగను పక్క పందిరికి మళ్ళించినట్టు. వీపు నుంచో తొడ నుంచో పూర్తిగా తెంచి తెచ్చి, దాని నాళాలను తల దగ్గర నాళాలకు మైక్రోస్కోపు కింద కలిపితే ఫ్రీ ఫ్లాపు.

ఎముకను గ్రాఫ్ట్‌కు సిద్ధం చేసే దారి కూడా ఒకటుంది, చాలా పాతది. 17వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ సర్జన్ ఒగుస్తిన్ బెలోస్త్ ఎముకకు రంధ్రాలు చేయమని రాశాడు. ఇప్పుడు బర్రుతో (గిర్రున తిరిగే అరగదీత ములికితో) పుర్రె పై పలకను నెత్తురు చుక్కలు కనబడేదాకా అరగదీస్తారు. కొన్ని వారాల్లో ఎర్రటి కణజాలం మొలిచి ఎముకను కప్పుతుంది, దానిమీద గ్రాఫ్ట్ వేస్తారు. పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులకు ఇది ఇప్పటికీ మంచి మార్గమే. కానీ అలా వచ్చిన చర్మం కాగితమంత పల్చన, దువ్వెన గీసుకున్నా పుండవుతుంది. రేడియేషన్ తిన్న ఎముక మీద మొలక సరిగా రాదు. కరెంటు కాలిన ఎముకనైతే ఎంత అరగదీసినా నెత్తురు చుక్క కనబడకపోవచ్చు.

ఆ చచ్చిన ఎముకను ఏం చేయాలి? ఒకప్పుడు మొత్తం చెక్కి పారేసేవారు. చీము పట్టకముందే మంచి నెత్తురున్న ఫ్లాపుతో కప్పగలిగితే దాన్ని అక్కడే ఉంచవచ్చు. అది మూసలా నిలబడుతుంది, మెల్లగా కొత్త ఎముక దాన్ని ఆక్రమిస్తుంది. ఆలస్యమై చీము పట్టిందా, ఎముక తీయక తప్పదు. అప్పుడు మెదడు పైపొర బయటపడి పని రెండింతలవుతుంది. కరెంటు గాయాన్ని "ఎండనిద్దాం, చూద్దాం" అని వారాల తరబడి ఆపడం వల్ల జరిగే నష్టం ఇదే.

పక్క చర్మం సరిపోతుందా?

ముందు చూడాల్సింది ఎప్పుడూ పక్క చర్మమే. జుట్టు ఉన్న చోట జుట్టున్న చర్మమే రావాలి, అది తల మీద తప్ప ఇంకెక్కడా దొరకదు. మూడు సెంటీమీటర్లలోపు గాయమైతే అంచులు వదులు చేసి నేరుగా కుట్టవచ్చు. అంతకు మించితే తిప్పుడు ఫ్లాపు. గీత గీసేటప్పుడే చాలామంది పిసినారితనం చూపిస్తారు. సాగని చర్మం కాబట్టి వంపు గీత పొడవు గాయం వెడల్పుకు నాలుగు నుంచి ఆరు రెట్లు ఉండాలి. నాలుగు సెంటీమీటర్ల గాయానికి 16 నుంచి 24 సెం.మీ. గీత అంటే చూసేవాళ్ళకు భయంగానే ఉంటుంది, కానీ చిన్న ఫ్లాపు బిగుసుకుపోయి కొస నల్లబడటం కంటే అది మేలు.

ఫ్లాపును లేపాల్సింది గేలియా కింద, వదులు పొరలో. పొరపాటున పెరిక్రేనియం కూడా ఫ్లాపుతోపాటు లేచిందంటే, ఫ్లాపు ఖాళీ చేసిన చోట గ్రాఫ్ట్ వేయడానికి మడి లేకుండా పోతుంది. ఒక బండ ఉన్నచోట రెండు తయారవుతాయి. ఇంకాస్త సాగాలంటే లోపలి వైపు గేలియా మీద సెంటీమీటరుకు ఒకటి చొప్పున, లాగే దిక్కుకు అడ్డంగా గాట్లు పెడతారు. ఒక్కో గాటుకు వచ్చేది ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త పైన. నాళాలు గేలియాకు సరిగ్గా పైనే ఉన్నాయి కాబట్టి గాటు గేలియా దాటితే ఫ్లాపు నెత్తురునే కోసుకున్నట్టు. తిప్పినచోట మొదట్లో బుడిపెలా లేచే మడతను అదే రోజు కోసేయాలనిపిస్తుంది. కోయకూడదు. అది ఫ్లాపు మొదలు, నెత్తురు వచ్చే ద్వారం. కొన్ని నెలల్లో చాలావరకు అదే సర్దుకుంటుంది.

ఇంకా పెద్ద గాయాలకు మిగిలిన నెత్తిని మూడు నాలుగు పెద్ద ముక్కలుగా విడదీసి పంచే పద్ధతిని సర్జన్ ఒర్టికొచియా 1967లో చూపించాడు. చర్మం కింద సిలికాన్ సంచి పెట్టి, రెండు వారాలాగి, వారం వారం సెలైన్ నింపుతూ సాగదీసే ఎక్స్‌పాండర్ పద్ధతిలో సగం నెత్తి దాకా జుట్టున్న చర్మంతో పూడ్చవచ్చు. కానీ దానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఎముక తేలి చీము పొంచి ఉన్నచోట అంత సమయం ఉండదు. దాన్ని తర్వాతి దశకు దాచుకోవాలి: ముందు ఫ్లాపుతో కప్పి, ఏడాది తర్వాత ఎక్స్‌పాండరుతో జుట్టు తెచ్చుకోవడం.

12 సెం.మీ. వెడల్పున మాడు మీద ఎముక తేలి, చుట్టుపక్కల చర్మం కూడా కాలి ఉంటే పక్క చర్మం ఆశ వదులుకోవాలి. అప్పుడు ఫ్రీ ఫ్లాపే.

దూరం లెక్క

మైక్రోస్కోపు కింద నాళాలు కలిపి కణజాలాన్ని తరలించే విద్యకు నెత్తితో పాత చుట్టరికం ఉంది. 1972లో సర్జన్లు మెక్లీన్, బంకీ ప్రచురించిన కేసులో కడుపులోని ఒమెంటం పొరను తీసుకెళ్ళి కప్పింది తల గాయాన్నే. 1978లో మాక్స్‌వెల్ బృందం వీపు కండరం లాటిసిమస్‌ను తలమీదికి తెచ్చింది. ఇప్పటికీ పెద్ద గాయాలకు అదే మొదటి ఎంపిక. విశాలంగా, పల్చగా ఉంటుంది, పుర్రె వంపుకు దుప్పటిలా ఒదుగుతుంది, నరం తెగింది కాబట్టి కొన్ని నెలల్లో ఇంకా పల్చబడుతుంది. పైన తొడ గ్రాఫ్ట్ వేస్తారు. అయితే చెట్టు ఎక్కేటప్పుడు ఒంటిని పైకి లాగేది ఈ కండరమే. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడికీ, ఊతకర్రల మీద నడిచేవాళ్ళకూ దాన్ని తీసేముందు రెండుసార్లు ఆలోచించాలి. వాళ్ళకు తొడ ముందు భాగం నుంచి తీసే ఏఎల్‌టీ ఫ్లాపు నయం. లావు తొడలైతే అది తలమీద గుమ్మటంలా కూర్చుంటుంది, తర్వాత పల్చన చేయాల్సి వస్తుంది. వెడల్పు ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు దాటితే తొడ గాయం నేరుగా కుట్టుకు రాదు, అక్కడా గ్రాఫ్ట్ వేయాలి.

ఫ్లాపు దొరికింది. దానికి నెత్తురు ఎక్కడి నుంచి? దగ్గరి కాలువ కణత ధమని. చెవి ముందు దాని వెడల్పు సుమారు రెండు మిల్లీమీటర్లు. పక్కనే దాని సిర, గోడ పల్చన, దారి మనిషికో రకం. ధమని బాగున్నా సిర పనికిరాని తలలు చాలా ఉంటాయి. కరెంటు గాయంలో ఇంకో మోసం: నాళం పైకి బాగానే కనబడుతుంది, లోపలి పొర మాత్రం గాయపు అంచు దాటి ఎంతో దూరం దాకా ఉడికి ఉంటుంది. అందుకే కోసిన కొస నుంచి నెత్తురు చివ్వున ఎగజిమ్మాలి, మైక్రోస్కోపు కింద లోపలి పొర నునుపుగా మెరవాలి. పొర లేచినట్టు, దారాల్లా వేలాడినట్టు కనబడితే ఇంకా కిందికి కోస్తూ పోవాలి. అలా పోతూ పోతూ దవడ దాకా దిగుతాం. మెదడు ఆపరేషన్‌లో కణత మీదుగా కోత పడినవాళ్ళకూ, తలకు రేడియేషన్ పడినవాళ్ళకూ ఇదే పరిస్థితి.

ఇప్పుడు టేపు తీసి కొలవండి. చెవి ముందు నుంచి నడినెత్తికి సుమారు 17 సెం.మీ. గాయం నడినెత్తికి ఇరువైపులా ఆరేసి సెంటీమీటర్లు ఉంటే దాని అంచు నుంచి చెవి ముందుకు 11 సెం.మీ. లాటిసిమస్ నాళాల తొడిమ, అంటే ఫ్లాపు వెంట వచ్చే ధమనీ సిరల పొడవు, ఎనిమిది నుంచి 12 సెం.మీ. అంటే చెవి ముందు దాకా వస్తుంది, కాస్త ఇరుకుగా. కణత నాళాలు పనికిరాక దవడ అంచున ముఖ ధమని దాకా దిగాలంటే ఇంకో ఎనిమిది పది సెంటీమీటర్లు కావాలి. అక్కడ తొడిమ చాలదు.

సిర అతుకు (వేరేచోటి సిర ముక్కను మధ్యలో కలిపి నాళం పొడవు పెంచడం) గురించి ఆలోచించేముందు వెతకాల్సినవి కొన్నున్నాయి. కండరాన్ని గాయానికి మించి పెద్దదిగా తీసి, నాళాలు చొరబడే భాగాన్ని చెవి వైపు జరిపి పరిస్తే నాలుగైదు సెంటీమీటర్లు కలిసొస్తాయి. తొడిమను చంక లోతున పెద్ద నాళం దాకా తవ్వితే మరికొంత. రెండో వైపు కణత ధమని బాగుందేమో చూడాలి. ఇవన్నీ అయ్యాక కూడా దూరం మిగిలితే లాగి కుట్టకూడదు. బిగుతుగా కుట్టిన నాళం ఆ రాత్రే మూసుకుపోతుంది. అతుకు వేయాల్సిందే.

సిర అతుకు వాడిన ఫ్లాపులు ఎక్కువగా పోతాయని చాలా చోట్ల లెక్కలు తేల్చాయి. అందులో కొంత అతుకు తప్పు కాదు, అది అవసరపడేంత కష్టమైన కేసులే దానికి వస్తాయి. మామూలుగా రెండు కలయికలతో పోయేది నాలుగవుతుంది, ప్రతిదీ గడ్డకట్టే చోటే. నా ఉద్దేశంలో అసలు తేడా వేరేచోట ఉంది: ముందే కొలిచి, కాలు కూడా శుభ్రం చేసి సిద్ధంగా పెట్టుకుని వేసిన అతుకు ఒకటి, ఫ్లాపు తెంచేశాక తొడిమ చాలక, గడియారం నడుస్తుండగా గాబరాగా వెతుక్కుని వేసింది మరొకటి. రెండింటినీ ఒకే గాటన కట్టలేం. కాబట్టి నియమం ఒకటే. తల దగ్గర నాళాలు తేలి, పరీక్షలో నెగ్గి, అతుకు కావాలో వద్దో తేలేదాకా ఫ్లాపు వీపు మీదే, తన సొంత నెత్తురు మీదే ఉండాలి.

అతుకు వేసే తీరు

పొడవు కావాలంటే కాలి లోపలి వైపు పొడవాటి సిర, చీలమండ నుంచి పైకి. చిన్న ముక్కకు ముంజేతి సిరలు చాలు, అవి కణత నాళాల వెడల్పుకు దగ్గరగా ఉంటాయి. సిరను కోయకముందే, కాలిలో ఉండగానే పొడవు గుర్తు పెట్టాలి, ఎందుకంటే కోసిన వెంటనే ముడుచుకుంటుంది. పై ముఖాన రంగుతో ఒకే గీత నిడివిగా గీయాలి. చర్మం కింది సొరంగంలోంచి లాగేటప్పుడు మెలి పడితే ఆ గీతే పట్టిస్తుంది. గీత లేకపోతే మెలి పడ్డ సంగతి నెత్తురు వదిలాకగాని తెలియదు. పక్క కొమ్మల్ని సిర గోడకు మరీ ఆనించి కడితే అక్కడ నడుము సన్నబడుతుంది, మరీ దూరంగా కడితే మిగిలిన మొండి కొమ్మలో నెత్తురు నిలిచి గడ్డకడుతుంది. నెత్తురు గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్‌తో మెల్లగా నింపి కారేచోట్లు చూస్తారు. సిరింజిని గట్టిగా నొక్కితే సిర ఉబ్బి లోపలి పొర చిట్లుతుంది, ఆ దెబ్బ కంటికి కనబడదు.

దిక్కు సంగతి మరింత ముఖ్యం. సిరలో కవాటాలుంటాయి, నెత్తురు పాదం నుంచి గుండె వైపే పోనిస్తాయి. ధమని వైపు వేసే అతుకైతే పాదం వైపు కొసను మెడ ధమనికి, తొడ వైపు కొసను ఫ్లాపు ధమనికి కలపాలి. సిర వైపు వేసే అతుకైతే పాదం వైపు కొస ఫ్లాపు సిరకు, తొడ వైపు కొస మెడ సిరకు. పక్కపక్కనే పడుకున్న ఆ రెండు ముక్కలూ ఎదురు దిక్కులు చూస్తుంటాయి. అలసిపోయిన ఎనిమిదో గంటలో ఇక్కడ తడబడటం కష్టమేమీ కాదు, కాబట్టి కోసిన వెంటనే పాదం వైపు కొసకు క్లిప్పు పెట్టి గుర్తుంచుకోవాలి.

ఈ తికమక లేని పద్ధతి ఒకటుంది. 20 నుంచి 25 సెం.మీ. సిరను ఒకే ముక్కగా తీసి, పాదం వైపు కొసను మెడ ధమనికి, తొడ వైపు కొసను మెడ సిరకు కలిపి, మధ్య భాగాన్ని ఉచ్చులా చెవి ముందు దాకా పైకి తెస్తారు. క్లాంపు వదిలితే ఉచ్చులో నెత్తురు ఝుమ్మని తిరుగుతుంది, వేలికి తెలుస్తుంది. ఓ అరగంట చూసి, బాగుంటే ఉచ్చు కొస దగ్గర రెండుగా కోస్తారు. ధమని వైపు సగం ఫ్లాపు ధమనికి, సిర వైపు సగం ఫ్లాపు సిరకు. కవాటాలు వాటంతటవే సరైన దిక్కున ఉంటాయి. పైగా ఫ్లాపును తెంచకముందే మెడ దగ్గరి రెండు కలయికలూ పరీక్షకు నిలిచాయి. ఉచ్చు వేసి వారం ఆగి ఫ్లాపు తెచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆ వారంలో ఉచ్చు గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, అందుకని ఒకే పూటలో ముగించడమే మంచిది.

వెడల్పులు కలవకపోతే ఒకటికి ఒకటిన్నర దాకా కుట్టులోనే సర్దవచ్చు. అంతకు మించితే సన్న నాళాన్ని ఏటవాలుగా కోయడమో, పెద్దదాని పక్కగోడకు కలపడమో చేయాలి. కుట్టేది 9-0, 10-0 అనే అతి సన్నని నైలాన్ దారంతో. సిరకు సిరకు కలపడానికి కుట్టు లేకుండా కొసలను బిగించే కప్లర్ ఉంగరాలు వాడితే సమయం మిగులుతుంది. ధమని ఒత్తిడి పడ్డాక సిర పొడుగు సాగుతుంది. కాబట్టి మెడ వైపు కలిపి, నెత్తురు నింపి, పొంగిన స్థితిలో కొలిచి ఆ తర్వాతే ఫ్లాపు వైపు కోయాలి. లేకపోతే మిగులు పొడవు మడతపడి గొట్టం నొక్కుకున్నట్టు అవుతుంది. తలను అటూ ఇటూ తిప్పి కూడా చూడాలి. సొరంగంలో రెండు వేళ్ళు వదులుగా పట్టాలి. చర్మం బిగుతుగా ఉంటే మూయకుండా నాళాల మీద గ్రాఫ్ట్ వేయడమే క్షేమం.

ఆ తర్వాతి మూడు రోజులు

నాళం మూసుకుపోయే ఘటనల్లో ఎక్కువ భాగం మొదటి 48 నుంచి 72 గంటల్లోనే, ధమని కంటే సిర వైపే ఎక్కువ. మొదటి రోజు గంటకోసారి చూడాలి. చర్మమున్న ఫ్లాపు నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. నీలంగా ఉబ్బి, నొక్కితే రంగు చటుక్కున తిరిగొచ్చి, సూది గుచ్చితే నల్లటి నెత్తురు కారితే సిర మూసుకుంది. పాలిపోయి, చల్లబడి, గుచ్చినా నెత్తురు రాకపోతే ధమని. కండరం మీద గ్రాఫ్ట్ ఉన్నచోట ఈ నొక్కుడు పరీక్ష చెల్లదు. అక్కడ కండరం అంచు రంగు చూడాలి, నాళంలో నెత్తురు పారే చప్పుడు వినిపించే డాప్లర్ పరికరం శబ్దం వినాలి. ముందే కుట్టు వేసి గుర్తు పెట్టిన చోటే డాప్లర్ పెట్టాలి. అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. నెత్తురందని కండరం కొద్ది గంటలకు మించి నిలవదు.

తల ఫ్లాపులు పోవడానికి కొన్ని కారణాలు మరీ చిన్నవి, నర్సులకూ తోడున్నవాళ్ళకూ ముందే చెబితే తప్పేవి. ఆక్సిజన్ మాస్కు రబ్బరు పట్టీ సరిగ్గా చెవి ముందు నాళం మీద పడుతుంది. కళ్ళజోడు కాడ కూడా అంతే. గొంతులో గొట్టం ఉన్నవాళ్ళకు మెడ చుట్టూ కట్టే నాడా మెడ సిరను నొక్కుతుంది. తలపాగాలా చుట్టిన కట్టు రాత్రికి వాపు పెరగ్గానే బిగుస్తుంది. నిద్రలో మనిషి ఫ్లాపు వైపు ఒత్తిగిలితే తల బరువంతా దానిమీదే. తలకు ఏ వైపు దిండు పెట్టాలో, ఏ వైపు పెట్టకూడదో మంచం దగ్గర పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి. బీడీ, సిగరెట్ మంచం దరిదాపులకు రాకూడదు. వీపు గాయంలో నీరు ఊరడం చాలా మామూలు, రోజుకు 30 మి.లీ. లోపుకు తగ్గేదాకా ఆ నీటిని బయటికి లాగే గొట్టం (డ్రెయిన్) తీయకూడదు.

నెత్తి మొత్తం ఊడివస్తే

నూర్పిడి యంత్రం, చెరకు గానుగ, పిండిమర బెల్టు, ట్రాక్టరు షాఫ్టు, గో-కార్టు ఇరుసు: జడనో, విరబోసుకున్న జుట్టునో ఇవి పట్టుకుంటే కనుబొమల నుంచి మెడ దాకా నెత్తి ఊడి వస్తుంది. ఇక్కడ ఏ ఫ్లాపూ ఆ ఊడిన నెత్తికి సాటిరాదు. దాన్నే తిరిగి అతికించడం 1976లో ఆస్ట్రేలియాలో మిల్లర్, ఆన్‌స్టీ, స్నెల్ సాధించి చూపారు. ఒక ధమని కలిసినా మొత్తం నెత్తి బతకవచ్చు. సిరలు మాత్రం ఎన్ని దొరికితే అన్ని కలపాలి. కోసినట్టు కాక లాగి తెంపినట్టు పోయిన నాళాలివి, లోపలి పొర చాలా దూరం దాకా చిరిగి ఉంటుంది. బాగున్న చోటి దాకా కోసేసరికి మధ్యలో ఎడం పడుతుంది, అందుకే ఇక్కడ సిర అతుకు మొదటి నుంచే పథకంలో ఉండాలి. పాదం మీదనో ముంజేతి నుంచో రెండు మిల్లీమీటర్ల సిరలు తీస్తారు. ధమని కలిపి నెత్తురు వదిలాక ఊడిన ముక్క అంచులన్నీ ధారలుగా కారతాయి. నెత్తురు సీసాలు ముందే సిద్ధంగా ఉండాలి.

నెత్తిలో కండరం తక్కువ కాబట్టి తెగిన కాలూ చేయీ కంటే చల్లగా ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ చల్లదనం పొలం దగ్గర ఉన్నవాళ్ళ చేతుల్లోనే ఉంది. యంత్రం ఆపగానే ముందు మనిషి: తల గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి, మెడ కదలనివ్వకూడదు. తర్వాత చిక్కుకున్న జుట్టును కోసి నెత్తి ముక్కను బయటికి తీయాలి. ముక్కను పట్టి లాగకూడదు. సెలైన్‌లో తడిపి పిండిన గుడ్డలో చుట్టి, నీళ్ళు చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఆ సంచిని ఐసు ముక్కలు కలిపిన నీళ్ళున్న డబ్బాలో ఉంచాలి. ముక్క ఐసుకు నేరుగా తగలకూడదు, నీళ్ళలో నానకూడదు, ఫ్రీజరులో పెట్టకూడదు. ప్రమాదం జరిగిన సమయం సంచి మీద రాసి, మైక్రోసర్జరీ చేసే ఆసుపత్రికి ముందు ఫోన్ చేసి, ఆ తర్వాత బయల్దేరాలి.